పక్క సీటు

ఈ వ్యవహారంలో తెలివితక్కువవాడు ఎవరని అడిగితే వెతకనక్కర్లేదు, నేనే. పద్దెనిమిదేళ్ళు నిండందే కారు తాళాలు ముట్టుకోనివ్వనని కన్నకూతురికి మూడేళ్ళ పాటు చట్టం చదివి వినిపించాను. ఆ మూడేళ్ళూ లైసెన్సు లేకుండా కారు నడిపాను. లేకుండా అంటే, ఉంది. పర్సులో పదిలంగానే ఉంది. దాని గడువే నాతో ఒక మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయింది.

నేను తెలుగు మాస్టర్ని. కాపురం విడవలూరు, ఉద్యోగం కొడవలూరు పక్క ఒక హైస్కూల్లో. పుట్టింది మాత్రం సముద్రం ఒడ్డున ఒక పాలెంలో. మా నాయన వేటకు పోయేవాడు. సెలవు రోజుల్లో నన్నూ పడవెక్కించేవాడు. చదువు అబ్బినందువల్ల నేను ఒడ్డున పడ్డానని మా వాళ్ళు అంటారు. ఒడ్డున పడ్డ చేప సంగతి వాళ్ళకు నాకన్నా బాగా తెలుసు కాబట్టి అది మెచ్చుకోలో కాదో నాకు ఇప్పటికీ అనుమానమే.

మాకు ఒక్కతే కూతురు. పదో తరగతి అయిపోయాక నెల్లూరులో హాస్టలున్న కాలేజీలో ఇంటర్ చేర్పించాం. ఆ రెండేళ్ళూ మేము దాన్ని చూసింది తక్కువ, గేటు చూసింది ఎక్కువ. ఇంటర్ అయిపోయి ఇంటికొచ్చింది. ఇంక ఆగస్టులో ఇంజనీరింగుకు తిరుపతి పోతుంది, మళ్ళీ హాస్టలే. మధ్యలో దొరికిన ఆ వేసవి ఒక్కటే మాది. అందులోనూ దానికి వండిపెట్టడం, తల దువ్వడం, బట్టలు కొనడం వాళ్ళమ్మ వంతు. కబుర్లు ఫోను వంతు. నా వంతుకు మిగిలింది డ్రైవింగ్ నేర్పడం ఒక్కటే.

దాని మీద నాకు పెద్ద ఆశ ఉండేది. కారు నేర్చుకునే పిల్ల చేతిలో ఫోను ఉండదు. పక్కనున్నవాడి మాట వినక తప్పదు. పొద్దున్నే పొలాల మధ్య దారిలో రోజూ ఒక గంట, ఇద్దరమే. మూడేళ్ళుగా నేను దాచిపెట్టుకున్నది ఆ గంటనే. పదహారేళ్ళప్పుడు స్నేహితురాళ్ళ నాన్నలు రొయ్యల గుంటల గట్ల మీద పిల్లలకు కార్లు నేర్పుతున్నారని అది వచ్చి చెబితే, వాళ్ళు చేస్తున్నది నేరమని మందలించి పంపాను. స్కూల్లో రోడ్డు భద్రత గురించి మైకులో మాట్లాడమంటే నన్నే పిలిచేవాళ్ళు. అంత బాగా మాట్లాడేవాణ్ణి.

మే నెలలో పుట్టినరోజు వచ్చింది. పాయసం చల్లారేదాకా కూడా ఆగకుండా, ఎల్లెల్లార్ పరీక్షకు ఫోన్లో ప్రశ్నలు చదువుకుంటూ కూర్చుంది. ఒక్కొక్కటీ నన్ను కూడా అడుగుతోంది. నేను చాలావాటికి తప్పు సమాధానాలే చెప్పాను గానీ ధీమాగా చెప్పాను. నేర్చుకునేవాడు బండి నడిపేటప్పుడు పక్కన ఎవరుండాలి అని ఒక ప్రశ్న వచ్చింది.

"తండ్రి," అన్నాను.

"ఆప్షన్లలో తండ్రి లేడు నాన్నా. లైసెన్సు ఉన్నోడు అని ఉండాది."

"రెండూ ఒకటే గదమ్మా."

"అయితే నీ లైసెన్సు ఏదీ, చూద్దాం."

సన్మానంలో ఇచ్చిన పతకం చూపించినట్టు పర్సులోంచి తీసి ఇచ్చాను. అందులో నా మీసం చూసి అది చాలాసేపు నవ్వింది. వాళ్ళమ్మను పిలిచి చూపించింది. తర్వాత ఫొటో కింద ఏముందో చదివి నవ్వడం ఆపేసింది. నేను ఎనిమిదో తరగతిలో ఉండంగానే ఇది అయిపోయింది నాన్నా, అంది. తిట్టలేదు. జ్వరం చూసి చెప్పినట్టు మెల్లగా చెప్పింది. గడువు అక్కడ తీరింది, గొడవ ఇక్కడ మొదలైంది. ఇన్నేళ్ళలో పోలీసులు పట్టుకునుంటే ఏమయ్యేదని మా ఆవిడ వంటింట్లోంచి ఒక పావుగంట అడిగింది. పట్టుకోలేదు గదా అని నేను అన్న మాట ఆ రోజు నేను అన్నవాటిలో అన్నిటికన్నా తెలివితక్కువది.

నెట్ సెంటరుకు పోయి అడిగితే, గడువు దాటి ఏళ్ళయింది కాబట్టి రెన్యువల్ కుదరదు, మొదట్నుంచీ రావాల్సిందే అన్నాడు. మొదట్నుంచీ అంటే ఎల్లెల్లార్ నుంచి. అట్లా తండ్రీ కూతుళ్ళం ఒకే రోజున, ఒకే గదిలో, పక్కపక్క కంప్యూటర్ల ముందు కూర్చుని పరీక్ష రాశాం. అది ముందే ముగించుకుని బయట బల్ల మీద కూర్చుని నా కోసం ఎదురుచూసింది. నేను గట్టెక్కానంతే. ఎంతమందికో పరీక్షలు పెట్టి ఎదురుగా కుర్చీలో కునుకు తీసినవాణ్ణి, పరీక్ష రాసేవాడికి గడియారం ఎంత గట్టిగా వినిపిస్తుందో మర్చిపోయాను.

ఇద్దరం లెర్నర్లమే అయ్యాక ఇంక దాని పక్కన నేను కూర్చునే వీల్లేదు. చట్టం ఒప్పుకోదు. చట్టం గురించి దానికి చెప్పిందే నేను. నెల్లూరులో డ్రైవింగ్ స్కూల్లో చేరింది. రోజూ బస్సెక్కి పోయి, మధ్యాహ్నానికి ఎండకు వాడిపోయి వచ్చేది. హాఫ్ క్లచ్చనీ, మిర్రర్ అనీ వాళ్ళమ్మకు చెబుతుంటే నేను పేపరు అడ్డం పెట్టుకుని వినేవాణ్ణి. నేను దాచిపెట్టుకున్న వేసవి ఎవరో ఇన్‌స్ట్రక్టరు పక్కన కూర్చుని నెల్లూరంతా తిరిగొస్తోంది. నేను ఇంట్లో కూర్చుని రోజూ కారు కడిగాను. ఆ నెలలో మా కారు ఉన్నంత శుభ్రంగా కొన్నప్పుడు కూడా లేదు. సెకండ్ హ్యాండులో కొన్నాం లెండి.

నువ్వు కూడా ఒక వారం వచ్చి నేర్చుకోరాదా నాన్నా అని అది అడిగింది. నేను నవ్వాను. మీసం మొలవకముందే పడవ నడిపినవాణ్ణి, నాకు నేర్పేవాడు ఇంకా పుట్టలేదని చెప్పాను. పుట్టి పద్దెనిమిదేళ్ళయిందని అప్పటికి నాకు తెలీదు.

పడవ సంగతి ఇక్కడ చెప్పాలి. పడవకు బ్రేకులుండవు. ఒడ్డు దగ్గర పడగానే ఇంజను ఆపేసి, నీళ్ళలో తిరిగే ఫ్యాను ఇసకకు తగలకుండా పైకి లేపేస్తాం. మిగతా దూరం వచ్చిన ఊపే తీసుకెళ్ళాలి. ఎక్కడ ఆపితే ఎక్కడ ఆగుతుందో చూపుతోనే కొలుచుకోవాలి. ముందే ఆపితే అలల్లో అడ్డం తిరుగుతుంది. ఆలస్యమైతే ఫ్యాను విరుగుతుంది, దాంతోపాటు మా నాయన చేతిలో నా వీపు. ఆ లెక్క నాకు చిన్నప్పుడే కుదిరింది. కారు కొన్నాక ఆ అలవాటు కారెక్కింది. మా వీధి మొదట్లోకి రాగానే తాళం తిప్పి ఇంజను ఆపేసి, న్యూట్రల్లో జారుకుంటూ వచ్చి షెడ్డులో ఆగేవాణ్ణి. చప్పుడు ఉండదు, పెట్రోలు మిగులుతుంది. మా పాలెం నుంచి వచ్చి బళ్ళు కొనుక్కున్న వాళ్ళలో చాలామంది ఇంతే. బంధువులు నాలుగు బళ్ళ మీద పెళ్ళికొస్తే నాలుగూ మూగవై వస్తాయి. ఇది తప్పని మాలో ఎవరికీ తోచలేదు. పైగా ఎవరు ఎక్కువ దూరం జారితే వాళ్ళు మొనగాళ్ళు.

జూన్‌లో ఇద్దరికీ ఒకే రోజు టెస్టు. కారు నడపడానికి ఇద్దరికీ యోగ్యత లేదు కాబట్టి మా స్కూల్లో లెక్కల మాస్టారు వచ్చి మమ్మల్ని నెల్లూరు తీసుకెళ్ళాడు. దాని పేరు ముందు పిలిచారు. నేను గోడ నీడన నిలబడి చూశాను. జుట్టు క్లిప్పుతో బిగించుకుంది. సీటు ముందుకు లాక్కుంది, అద్దం సర్దుకుంది, బెల్టు పెట్టుకుంది. మా ఇంట్లో ఏ పనీ ఇంత వరసగా చెయ్యడం నేను చూళ్ళేదు. ఎనిమిది అంకె చుట్టూ కారు తిరుగుతుంటే ఇక్కడ నేల మీద నా ఎడమ కాలు క్లచ్ తొక్కుతోంది. ఎత్తు మీద ఆగి మళ్ళీ కదలాల్సిన చోట కారు ఒక్క వేలెడు కూడా వెనక్కి జారలేదు. బయట నిలబడ్డవాళ్ళలో ఎవరో, ఆ పాప బో బాగా తోలుతుండాదే అన్నారు. ఆ పాప మా పాపే అని నేను ఆ మనిషికి చెప్పాను. ఆయన పక్కనున్నాయనకు కూడా చెప్పాను. లెక్కల మాస్టారికి తెలిసినా ఆయనకు కూడా చెప్పాను. నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా ఇంత పొంగలేదు. ఆ రోజు జీతం ఎంతో ముందే తెలుసు గాబట్టి.

తర్వాత నన్ను పిలిచారు. మా ప్రాంతంలో ఆ అధికారిని బ్రేక్ ఇన్‌స్పెక్టరు అనే అంటారు. అసలు హోదా ఏదో పెద్దగా ఉంటుంది గానీ జనం ఆయనకు పెట్టుకున్న పేరు అదే. ఆయన మర్యాదస్తుడు. నన్ను మాస్టారూ అనే పిలిచాడు. ఎనిమిది బాగానే తిప్పాను, రివర్సు కూడా బాగానే వచ్చింది. ఇంక ఆ తెల్లగీత దగ్గర ఆపి దిగండి అన్నాడు.

దూరంగా తెల్లగా గీత. ఆ తర్వాత జరిగినదానికి నా బాధ్యత సగమే. మిగతా సగం నా చేతిది. గీత కనబడగానే అది తనంతట తనే పోయి తాళం తిప్పేసింది. ఇంజను ఆగింది. కారు నిశ్శబ్దంగా, హుందాగా జారుకుంటూ పోయి, ముక్కు సరిగ్గా గీతను ముద్దుపెట్టుకునే చోట ఆగింది. వెంట్రుకవాసి తేడా లేదు. మార్కుల కోసం చూసే పిల్లవాడిలా ఆయన వైపు చూశాను.

"బండి ఆగిపోయిందా మాస్టారూ?"

"లేదు సార్, నేనే ఆపినా."

"బండిని ఆపమన్నా. ఇంజనెందుకు ఆపినారు?"

"ఇంజను ఆపకుండా బండెట్టా ఆగుతుంది సార్?"

ఆయన, మీది ఏ ఊరు మాస్టారూ అని అడిగాడు. పాలెం పేరు చెప్పాను. ఆయనకు అర్థమైపోయింది. తీరం ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళలో అప్పుడప్పుడూ ఇది చూస్తుంటానన్నాడు. ఇంజను ఆపేస్తే బ్రేకు బిగిసిపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, ఆ క్షణంలో ఎవరైనా అడ్డమొస్తే మీ కాళ్ళూ చేతులూ మీ మాట వినవని మెల్లగా వివరించాడు. నేను ఇన్నేళ్ళూ మా వీధిలోకి అట్లాగే వచ్చాను. మా వీధిలో పిల్లలు ఆడుకుంటారు. ఆ మాట తలుచుకోగానే ఫెయిలైన సిగ్గు కాస్త వెనక్కి పోయింది. మళ్ళీ రండి మాస్టారూ అన్నాడు. పేరుకు తగ్గట్టు ఆయన వేసిన బ్రేకు సరిగ్గానే పడింది.

మా అమ్మాయి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. మంచినీళ్ళ సీసా మూత తీసి నా చేతికిచ్చింది. నవ్వుంటే బాగుండేది.

తిరుగు ప్రయాణంలో అది నడిపింది. కార్డు చేతికొచ్చేదాకా ఎందుకైనా మంచిదని లెక్కల మాస్టారు పక్కన కూర్చున్నాడు. నేను వెనక. నెల్లూరు దాటాం. ఆ తర్వాత ఆయనే, మీ ఇంట్లో ఈ రోజు ఉత్తీర్ణత యాభై శాతం, మన స్కూలు కన్నా నయమే మాస్టారూ అన్నాడు. అప్పుడు అది నవ్వడం మొదలుపెట్టింది. ఎడమ పక్కకు తీసి, ఇండికేటరు వేసి, బండి ఆపుకుని మరీ నవ్వింది. ఇంజను మాత్రం ఆపలేదు.

కార్డు పోస్టులో వచ్చిన రోజున నేనే తొందరపెట్టి పాలెం ప్రయాణం కట్టించాను. మా వాళ్ళలో ఆడపిల్ల కారు నడుపుకుంటూ రావడం అంతవరకూ లేదు. దారి పొడుగునా ఫోన్లు చేసి వస్తున్నాం, వస్తున్నాం అని చెప్పాను. పాలెం మొదట్లో పిల్లలు, ఆడవాళ్ళు, పనిలేని మగవాళ్ళు, పనున్న మగవాళ్ళు అందరూ నిలబడున్నారు. అది తొణక్కుండా, మేకల్ని తప్పించుకుంటూ, ఆరబెట్టిన చేపల పక్కగా తెచ్చి మా అన్న ఇంటి ముందు ఆపింది. మా అమ్మ వచ్చి దాని చేతులు రెండూ పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసింది. ఇంత సన్న చేతులతో అంత బండిని ఎట్టా తిప్పినావే అని.

మా నాయనతో కలిసి వేటకు పోయిన పెదనాయన ఇంకా ఉన్నాడు. వక్కాకు నములుతూ కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. మా అమ్మ అప్పటికే ముందు సీట్లో బాసింపట్టు వేసుక్కూర్చుని తనను ఊరంతా తిప్పమంటోంది. నేను వెనక సీట్లో, మా వదిన పెట్టిన చేపల బుట్టల మధ్య ఇరుక్కుని ఉన్నాను.

"ఏందిరా అబ్బయ్యా, నువ్వు యెనక కూకోనుండావు?" అన్నాడు పెదనాయన.

"పాప తోలుతుంది పెదనాయనా."

"తోలనీ. బిడ్డ చుక్కాని పట్టింది, నువ్వు సరుకైపోయినావు."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. కారు కదిలాక చూస్తే కళ్ళు చెమర్చి ఉన్నాయి. చేపల వాసనకని చెప్పుకున్నాను. చేపల వాసనకు కళ్ళు చెమర్చేవాడు మా వంశంలో ఎవడూ లేడు.

ఆ ప్రయాణంలోనే నా పరువు గట్టిగా మునిగింది. ఇన్‌స్పెక్టరుకూ నాకూ జరిగిన సంభాషణను అది గొంతులు మార్చి వరసకు అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ వినిపించింది. ఆ సాయంత్రానికి పిల్లలందరూ నన్ను ఎల్ బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టారు. మా అన్న కొడుకైతే ఫోన్లో నా పేరు అట్లాగే మార్చుకున్నాడట.

తిరిగొచ్చాక మా అమ్మాయి నాకు ఒక ఏర్పాటు చెప్పింది. నాకు లైసెన్సు ఉంది గదా నాన్నా, నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటా, అంది. అది పెట్టుకోవాల్సిన ఎల్ బోర్డులు నా కారుకు ముందూ వెనకా తనే అంటించింది. హాస్టల్లో రెండేళ్ళ పాటు తెల్లారకముందే గంట కొట్టి లేపితే లేచిన పిల్ల అది. ఇంటికొచ్చినప్పట్నుంచీ తొమ్మిదికి ముందు కళ్ళు తెరవడం లేదు, మేమూ లేపేవాళ్ళం కాదు. అలాంటిది నా కోసం ఆరింటికల్లా లేచి, కళ్ళు నలుపుకుంటూ, చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి పక్క సీట్లో కూలబడేది.

మాస్టరుగా అది చాలా కఠినం. అద్దం చూడకుండా కదిలితే ఆపించి, మళ్ళీ మొదట్నుంచి చేయించేది. గేరు మార్చేటప్పుడు చప్పుడొస్తే, గేరుకు కూడా గారు పెట్టి మాట్లాడేవాడివి గదా నాన్నా, అంత మొరటుగా లాగుతావేంది అనేది. స్కూలు తెరిచాక రోజూ నాతో కారులో వచ్చి, నేను దిగాక బండి తీసుకుని పోయేది. సాయంత్రం మళ్ళీ వచ్చేది. ఎల్ బోర్డు కారులోంచి తెలుగు మాస్టారు దిగడం చూడ్డానికి పిల్లలు గేటు దగ్గర గుమిగూడేవాళ్ళు. వాళ్ళందరి ముందూ అది అద్దం దించి, సాయంత్రం ఆలస్యం చెయ్యొద్దు నాన్నా, నాకు పనుండాది అని చెప్పి పోయేది. మా హెడ్మాస్టరు కూడా నాతో అంత అధికారంగా మాట్లాడలేదు.

ఇంజను ఆపే అలవాటు ఒక్కటే తొందరగా పోలేదు. మా వీధి మొదలు కనబడగానే నా చెయ్యి తాళం వైపు పోయేది. అది కనిపెట్టి, వీధి వస్తోందనగా ముందే తన అరచెయ్యి తాళం మీద మూత పెట్టినట్టు పెట్టేది. నా చెయ్యి పోయి దాని చేతి మీద పడేది. కళ్ళతో బ్రేకు చూపించేది. నేను బ్రేకు తొక్కేవాణ్ణి. కొన్నాళ్ళకు నా చెయ్యి తాళం దాకా పోవడం మానేసింది. దాని చెయ్యి మాత్రం ఇంకా కొన్ని రోజులు అక్కడే ఉండేది, నమ్మకం చాలక.

ఆ దారిలో మేము మాట్లాడుకున్నంత ఇంకెప్పుడూ మాట్లాడుకోలేదు. ఇంటర్లో ఒక నెల పాటు రోజూ బాత్‌రూములో ఏడ్చానని నాకు మొదటిసారి చెప్పింది ఆ సీట్లోనే. ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. నీ చెయ్యి స్టీరింగ్ మీదే ఉంచు నాన్నా, రోడ్డు చూడు అంది. నేను రోడ్డే చూశాను. చూడకపోతే చెప్పదని నాకు అర్థమైంది. నేను దాని పక్కన కూర్చుని నేర్పుంటే ఈ మాటలన్నీ వినేవాణ్ణి కాదేమో. ఆ గంటంతా నేనే మాట్లాడుండేవాణ్ణి.

జులై ఆఖర్న ఒక శనివారం నాకు రెండో టెస్టు. అది ఆ రోజు నెల్లూరులో స్నేహితురాలింటికి పోయింది. నేను దానికి చెప్పలేదు. మళ్ళీ ఫెయిలైతే పాలెం దాకా పాకుతుందని భయం. ఒకపూట సెలవు పెట్టి లెక్కల మాస్టార్ని పక్కన కూర్చోబెట్టుకుని పోయాను. అదే ఇన్‌స్పెక్టరు, అదే తెల్లగీత. నా చెయ్యి స్టీరింగ్ మీదే ఉంది, కాలు బ్రేకు మీదికి పోయింది, ఇంజను గుర్రుమంటూనే ఉంది. ఆయన కారు చప్పుడు విని నవ్వాడు. ఎవరు నేర్పినారు మాస్టారూ అని అడిగాడు. పోయినసారి ఎనిమిది తిప్పిన పాప గుర్తుందా సార్, ఆమె దగ్గర నేర్చుకున్నానన్నాను.

వచ్చేటప్పుడు మలై కాజాలు కొన్నాను. గుమ్మంలోనే చెప్పేద్దామని నోట్లో మాట సిద్ధంగా పెట్టుకున్నాను. అది అప్పుడే వచ్చి సోఫాలో పడుకుని ఉంది. నేను నోరు తెరవకముందే, నాన్నా నేను పోవడానికి ఇంక రెండు వారాలు కూడా లేదు, నీకేమో ఇంకా రాలేదు, రేపు ఆదివారం గాబట్టి ఎక్కువసేపు ప్రాక్టీసు చేద్దాం, ఇంక రోజూ ఒక అరగంట ముందే లేస్తానులే అంది.

నేను మాట మింగేశాను. దాని వెనక ఒక కాజా కూడా మింగాను. కాజాలెందుకంటే ఊరికే అన్నాను. మా ఆవిడ డబ్బా వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసి, లోపలికి పోయింది.

ఆదివారం తెల్లారేసరికి అది తయారు. కారెక్కుతూనే ఆ రోజు పద్ధతి చెప్పింది. ఈ రోజు నీ తెలివి వాడొద్దు నాన్నా, తిప్పమన్న చోట తిప్పు, ఆపమన్న చోట ఆపు, నేను చెప్పకుండా ఏదీ చెయ్యొద్దు. సరే మేడం అన్నాను. ఇంకా రానివాడిలా కనబడాలని వీధి చివర కారును ఒకసారి ఎగిరించి ఆపేశాను. అది నుదురు కొట్టుకుంది. లెర్నర్‌గా నటించడం లెర్నర్‌గా ఉండడం కన్నా కష్టమని నాకప్పుడే తెలిసింది. రోజూ కాలవ దగ్గర బండి తిప్పుకుని వెనక్కి వస్తాం. కాలవ ఇంకా రాకముందే నా పక్క నుంచి మాటలు తగ్గాయి. చూస్తే తల అద్దానికి ఆనించి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, బెల్టు చెంపకు ఒత్తుకుని.

కాలవ వచ్చింది. తిప్పమని ఎవరూ అనలేదు. నేరుగా పోనిచ్చాను. గుంతలొచ్చిన చోటల్లా దాని తల అద్దానికి కొట్టుకోకుండా మెల్లగా దాటించాను. గేర్లు దానికి వినబడకుండా మార్చాను. నాట్లు వేసిన మళ్ళు పోయాయి, రొయ్యల గుంటలు పోయాయి, సరుగుడు తోపులు వచ్చాయి. రోడ్డు ఇసకలో కలిసిపోయే చోట బ్రేకు తొక్కి ఆపాను. ఇంజను ఆపలేదు, లేస్తుందని. ఎండ మొహం మీద పడి లేచింది. ఎదురుగా సముద్రం.

"ఏంది నాన్నా ఇది? కాలవ కాడ తిప్పాల గదా."

"నువ్వు తిప్పమనలేదు గదమ్మా. నేర్చుకునేవాణ్ణి, చెప్పకుండా ఎట్టా తిప్పేది?"

అది కిటికీలోంచి ఎల్ బోర్డున్న వైపు చూసింది. తప్పు తనదేనని తేలాక చెంప మీద బెల్టు గుర్తు రుద్దుకుంటూ, సారీ నాన్నా, నిద్ర పట్టేసింది అంది.

పక్కన లెర్నర్‌ను పెట్టుకుని నిద్రపోవడం ఎంత ప్రమాదమో దానికి వివరంగా చెప్పాను. ఇంకోసారి ఇట్లా చెయ్యొద్దని మందలించాను. రేపట్నుంచీ జాగ్రత్తగా ఉంటానని అది మాటిచ్చాక, పెద్దమనసుతో క్షమించాను.